డిశ్చార్జి చీటీలో కనబడని దగ్గు

ఆస్ట్రేలియా ఉత్తర భాగంలోని నార్తర్న్ టెరిటరీ వైశాల్యం దాదాపు 13.5 లక్షల చదరపు కిలోమీటర్లు. ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రెండూ కలిపినా దానిలో అయిదో వంతే. జనాభా మాత్రం రెండున్నర లక్షలు. అందులో సుమారు 30 శాతం ఆదివాసులు. 1999 నుంచి 2004 వరకు అక్కడ పుట్టిన ఆదివాసి శిశువుల ఆసుపత్రి రికార్డులను పరిశోధకులు తిరగేసినప్పుడు ఒక లెక్క బయటపడింది. ఏడాది నిండని ప్రతి వెయ్యి మంది పిల్లలకు, ఊపిరితిత్తుల ఇన్ఫెక్షన్లతో ఆసుపత్రిలో చేరికలు ఏటా 400 దాటాయి. ఒకే బిడ్డ రెండుసార్లు, మూడుసార్లు చేరడం కూడా ఈ లెక్కలో ఉంది. ప్రపంచంలోని సంపన్న దేశాల్లో ఒకటైన ఆస్ట్రేలియాలో ఈ సంఖ్య వచ్చిందంటే నమ్మబుద్ధి కాదు.

ఈ పిల్లల్లో అత్యధికులు ప్రాణాలతోనే ఇంటికి వెళతారు. ఆక్సిజన్ ఉంది, నిపుణులున్నారు, అవసరమైతే మారుమూల ఊరి నుంచి రాజధాని డార్విన్‌కు విమానంలో తీసుకువస్తారు. చిక్కంతా ఆ తర్వాతే. గడచిన ఇరవై ఏళ్ళలో డార్విన్ కేంద్రంగా, ముఖ్యంగా మెంజీస్ ఆరోగ్య పరిశోధన సంస్థ ఆధ్వర్యంలో జరిగిన అధ్యయనాలను వరుసగా చదివితే ఒక సంగతి తేటపడుతుంది. వార్డులో గడిపే ఆ కొద్ది రోజుల వైద్యానికి ఇంకో మందు జోడించి ఫలితం మెరుగుపరచాలన్న ప్రయత్నాలు ఒకదాని వెంట ఒకటి వీగిపోయాయి. ఫలితం చూపినవి చాలావరకు బిడ్డ ఇంటికి చేరాక చేసిన పనులు, లేదా అసలు ఆసుపత్రి గడప తొక్కక ముందు చేయవలసిన పనులు.

వార్డులో జరిగేది

ఏడాది లోపు పిల్లల్లో ఎక్కువగా కనబడేది బ్రాంకియోలైటిస్. ఆర్‌ఎస్‌వి వంటి వైరస్‌లు ఊపిరితిత్తుల చివరి సన్నని గొట్టాల్లో వాపు తెస్తాయి. ఆరోగ్యంగా ఉన్న పెద్దవాళ్ళకు ఇదే వైరస్ సోకితే మామూలుగా నాలుగు రోజుల జలుబుతో పోతుంది. పసిబిడ్డలో ఆ గొట్టాలు మరీ సన్నం గనక కాస్త వాపు, కాస్త చీమిడి చేరినా గాలికి దారి మూసుకుపోతుంది. బిడ్డ డొక్కలు ఎగరేస్తుంది, ముక్కుపుటాలు అదురుతాయి, పిల్లికూతలు వినబడతాయి. నాలుగు గుక్కలు తాగేసరికి అలసిపోయి రొమ్ము వదిలేస్తుంది. చాలామంది పిల్లలను ఆసుపత్రిలో చేర్చడానికి కారణం ఈ పాలు తాగలేకపోవడమే.

దీనికి వైద్యం వినడానికి చప్పగా ఉంటుంది. రక్తంలో ఆక్సిజన్ తగ్గితే ఆక్సిజన్ పెట్టాలి. ముక్కు శుభ్రం చేయాలి. తాగలేకపోతే ముక్కు ద్వారా పొట్టలోకి వేసిన గొట్టంతో పాలు, లేదంటే సెలైన్. బిడ్డను అస్తమానం కదిలించకుండా విశ్రాంతినివ్వాలి. అంతే. సాల్‌బ్యుటమాల్ నెబ్యులైజర్, స్టెరాయిడ్లు, యాంటీబయాటిక్‌లు మామూలు బ్రాంకియోలైటిస్‌లో పనికిరావని ఆస్ట్రేలియా, న్యూజిలాండ్ వైద్యుల ఉమ్మడి మార్గదర్శకాలు స్పష్టంగా చెబుతున్నాయి. మూతికి మాస్కు పెట్టి పొగ పట్టిస్తే తప్ప వైద్యం జరిగినట్టు అనుకోని మన ఊళ్ళలో ఈ మాట చెప్పి ఒప్పించడం ఇంకా కష్టం.

ఈ చప్పటి వైద్యంలో ఈ మధ్య వచ్చిన ఒకే ఒక్క పెద్ద మార్పు, వేడిచేసి తేమ కలిపిన గాలిని ముక్కులోకి ఎక్కువ వేగంతో పంపే హై ఫ్లో పద్ధతి. ఆస్ట్రేలియా, న్యూజిలాండ్ ఆసుపత్రుల్లో 1,472 మంది శిశువుల మీద జరిపిన పెద్ద పరీక్ష ఫలితాలు 2018లో వచ్చాయి. మామూలు ఆక్సిజన్ పెట్టిన పిల్లల్లో 23 శాతం మందికి వైద్యం స్థాయి పెంచవలసి వస్తే, హై ఫ్లో పెట్టినవాళ్ళలో 12 శాతం మందికే ఆ అవసరం పడింది. మామూలు ఆక్సిజన్‌తో కుదుటపడని పిల్లలను గట్టెక్కించడానికి ఇది బాగా ఉపయోగపడుతుంది. అయితే జబ్బు తిరగబెట్టకుండా ఆపే శక్తి దీనికి లేదు.

నిమ్ము, అంటే న్యుమోనియా, వేరు. బ్యాక్టీరియా వల్ల వచ్చిందని అనుమానం ఉంటే యాంటీబయాటిక్ ఇవ్వాలి, ఆలస్యం చేయకూడదు. తీవ్రతను బట్టి పెన్సిలిన్ వర్గం మందులతో మొదలుపెట్టి సెఫ్ట్రియాక్సోన్ అనే బలమైన యాంటీబయాటిక్ వరకు వెళతారు. చర్మం మీద పుండ్లు ఎక్కువగా ఉండే ఈ సమాజాల్లో మామూలు మందులకు లొంగని స్టాఫిలోకాకస్ అనే బ్యాక్టీరియా కూడా మామూలే గనక, బిడ్డ పరిస్థితి దిగజారుతుంటే దాన్ని దృష్టిలో పెట్టుకోవాలి.

పుస్తకంలో ఈ రెండు జబ్బులకూ రెండు వేర్వేరు అధ్యాయాలుంటాయి. డార్విన్ వార్డులో మంచం మీద ఉన్న బిడ్డలో అవి అంత విడివిడిగా ఉండవు. వైరస్ పరీక్షలో ఆర్‌ఎస్‌వి తేలుతుంది, ఎక్స్‌రేలో ఓ పక్క మచ్చ కనబడుతుంది, జ్వరం ఉంటుంది. ఈ పిల్లల ముక్కుల్లో న్యుమోకాకస్, హీమోఫిలస్, మొరాక్సెల్లా అనే మూడు రకాల బ్యాక్టీరియా పుట్టిన కొన్ని వారాల్లోనే వచ్చి తిష్ఠ వేస్తాయని చాలాకాలంగా తెలుసు. నగరాల్లో పెరిగే పిల్లల్లో అవి నెలల తరబడి ఆలస్యంగా, పలచగా వస్తాయి. వైరస్ దారి తెరిస్తే ఈ బ్యాక్టీరియా కిందికి దిగి ఊపిరితిత్తులను పట్టుకుంటుందన్న అనుమానం సహజం. మరి వైరస్‌తో వచ్చిన బిడ్డకు కూడా ముందు జాగ్రత్తగా యాంటీబయాటిక్ ఇస్తే? తిండి లోపం ఉన్నచోట జింక్, విటమిన్ ఎ ఇస్తే? న్యుమోనియాకు వారానికి బదులు రెండు వారాలు మందు వాడితే? వార్డు రౌండ్లలో పుట్టే ఈ ప్రశ్నలను డార్విన్ పరిశోధకులు అభిప్రాయాలకు వదిలేయలేదు. ఒక్కొక్కదాన్నీ తీసుకుని, అసలు మందు ఎవరికి వెళ్ళిందో ఉత్తుత్తి మందు ఎవరికి వెళ్ళిందో ఎవరికీ తెలియని పద్ధతిలో పరీక్షించారు.

వీగిపోయిన మందులు

మొదట జింక్ కథ. 2004లో బంగ్లాదేశ్‌లోని మత్లాబ్ ఆసుపత్రిలో జరిగిన పరీక్షలో, తీవ్రమైన న్యుమోనియాతో వచ్చిన రెండేళ్ళ లోపు పిల్లలకు యాంటీబయాటిక్‌తో పాటు రోజూ జింక్ ఇస్తే త్వరగా కోలుకున్నారు. చవక, సులువు, అతిసారంలో అప్పటికే పనిచేస్తుందని తేలిన మందు. ఆస్ట్రేలియా ఆదివాసి పిల్లలకూ పనికొస్తుందని ఆశపడడంలో తప్పేమీ లేదు. శిశు శ్వాసకోశ నిపుణురాలు ఆన్ చాంగ్ బృందం 187 మంది పిల్లల మీద జింక్‌ను, విటమిన్ ఎ ను పరీక్షించి 2006లో ఫలితాలు ప్రకటించింది. రెండింటిలో ఏదీ జబ్బును త్వరగా తగ్గించలేదు. పైగా జింక్ తీసుకున్న పిల్లలు ఆ తర్వాతి నాలుగు నెలల్లో ఊపిరితిత్తుల జబ్బుతో మళ్ళీ ఆసుపత్రికి రావడం రెట్టింపుకు పైగా ఉంది.

అదే ఏడాది, అదే పత్రికలో, మనకు దగ్గరి ఊరి నుంచి కూడా ఒక ఫలితం వచ్చింది. చిత్తూరు జిల్లా జనం పెద్ద జబ్బు చేస్తే పరుగెత్తే వేలూరు క్రైస్తవ వైద్య కళాశాల ఆసుపత్రి వైద్యులు రెండేళ్ళ లోపు పిల్లల్లో తీవ్ర న్యుమోనియాకు జింక్ ఇచ్చి చూశారు. మొత్తంమీద ప్రయోజనం కనబడలేదు. ఒక చోట పనిచేసిన మందు రెండు చోట్ల పనిచేయలేదంటే మొదటి పరీక్ష తప్పని కాదు. మత్లాబ్ పిల్లల ఒంట్లో జింక్ లోటు వేరు కావచ్చు, అక్కడి క్రిములు వేరు కావచ్చు. పేద పిల్లలు, నిమ్ము జబ్బు అన్న రెండు మాటలు కలిసినంత మాత్రాన ఒక ఊరి మందు ఇంకో ఊరికి సరిపోతుందని అనుకోవడమే పొరపాటు.

తర్వాత అజిత్రోమైసిన్. ఇది యాంటీబయాటిక్ మాత్రమే కాదు, వాపును కూడా కొంత తగ్గిస్తుంది. ఒక్కసారి ఇస్తే రోజుల తరబడి ఊపిరితిత్తుల కణజాలంలో నిలిచి ఉంటుంది. మారుమూల ఊరికి తిరిగి వెళ్ళిపోయే బిడ్డకు ఇంతకంటే అనువైన మందు ఏముంటుంది? బ్రాంకియోలైటిస్‌తో చేరిన 97 మంది శిశువుల్లో కొందరికి ఒకే ఒక్క పెద్ద మోతాదు ఇచ్చారు. 2013లో వచ్చిన ఫలితం ప్రకారం ముక్కులోని బ్యాక్టీరియా బాగా తగ్గింది. ఆసుపత్రిలో ఉండాల్సిన కాలం తగ్గలేదు, ఆక్సిజన్ అవసరమైన గంటలూ తగ్గలేదు. ఒక్క మోతాదు చాలలేదేమోనని వారానికొకటి చొప్పున మూడు మోతాదులతో 219 మంది మీద మళ్ళీ పరీక్ష పెట్టారు. 2015లో వచ్చిన జవాబు కూడా అదే. మూడు వారాల తర్వాత లక్షణాల్లో తేడా లేదు, ఆరు నెలల్లో తిరిగి చేరికల్లోనూ తేడా లేదు. ముక్కులోని క్రిమిని తొలగించడం, బిడ్డ జబ్బును తగ్గించడం ఒకటి కాదని ఈ జంట పరీక్షలు తేల్చాయి.

ఇక న్యుమోనియాకు ఎన్ని రోజులు మందు వాడాలన్న ప్రశ్న. సంపన్న ప్రాంతాల్లో అయిదు రోజులు చాలని తేలుతున్న కాలంలో, ఊపిరితిత్తులు పదేపదే దెబ్బతినే పిల్లలకు రెండు వారాలు ఇస్తే మేలేమో అన్న వాదన బలంగా ఉండేది. డార్విన్, న్యూజిలాండ్‌లోని ఆక్లండ్‌లతో పాటు మలేసియా ఆసుపత్రులను కలుపుకుని అయిదేళ్ళ లోపు పిల్లలు 324 మంది మీద అమాక్సిసిలిన్ క్లావులనేట్ మందును అయిదారు రోజులు, పదమూడు పద్నాలుగు రోజులు ఇచ్చి పోల్చారు. 2022లో ఫలితం వెలువడింది. నాలుగు వారాల తర్వాత పూర్తిగా నయమైనవారు రెండు జట్లలోనూ 80 శాతానికి అటూ ఇటూగానే ఉన్నారు.

ఆ 80 శాతం అంకెలో ఇంకో కబురు దాగి ఉంది. ఏ పద్ధతిలో మందు వాడినా అయిదుగురిలో ఒకరు నెల తిరిగేసరికి పూర్తిగా నయం కాలేదు. మందు పరీక్షలో ఓడిపోయిందన్న వార్త కింద ఈ అయిదో బిడ్డ మరుగున పడిపోకూడదు.

ఇంటికి వెళ్ళాక

ఊపిరితిత్తుల్లోని గొట్టాల లోపలి గోడలకు సన్నని నూగు ఉంటుంది. చేరిన తెమడను ఆ నూగు పైకి నెట్టి బయటికి పంపుతుంది. ఇన్ఫెక్షన్ మీద ఇన్ఫెక్షన్ వస్తే ఆ నూగు దెబ్బతింటుంది, తెమడ నిలిచిపోతుంది, నిలిచినచోట క్రిములు పెరుగుతాయి, వాటి మీద శరీరం చేసే దాడిలో గొట్టం గోడలే కరిగి సాగిపోతాయి. పూడిక తీయని పంట కాలువలా గొట్టం వెడల్పు పెరుగుతుంది గానీ ప్రవాహం ఉండదు. ఇదే బ్రాంకియెక్టాసిస్. మధ్య ఆస్ట్రేలియాలో పదిహేనేళ్ళ లోపు ఆదివాసి పిల్లల్లో ప్రతి వెయ్యి మందికి కనీసం 14.7 మందికి ఈ జబ్బు ఉందని 2002లోనే లెక్క తేలింది. సంపన్న దేశాల పిల్లల వైద్యులు పుస్తకాల్లో మాత్రమే చూసే జబ్బుగా భావించిన కాలమది. పెద్దయ్యాక దీనితో బతకడమంటే ఏడాది పొడవునా దగ్గు, ఆయాసం, పదేపదే ఆసుపత్రి, తగ్గిపోయిన ఆయుర్దాయం.

ఆసుపత్రిలో బ్రాంకియోలైటిస్ తగ్గి వెళ్ళిన శిశువులను డార్విన్ బృందం తర్వాత కూడా గమనిస్తూ వచ్చింది. మూడో వారం నాటికి కూడా దగ్గు పోని పిల్లల్లో తర్వాతి కాలంలో బ్రాంకియెక్టాసిస్ బయటపడే అవకాశం మిగతావారి కంటే ఎక్కువగా కనబడింది. వార్డులో ఎన్ని రోజులున్నారు, ఎంత ఆక్సిజన్ పట్టింది అన్న ప్రశ్నల సరసన మూడో వారం దగ్గు కూడా నిలబడవలసిన కొలమానమని దీని అర్థం. అది మాత్రం ఏ డిశ్చార్జి చీటీలోనూ కనబడదు. చీటీ రాసేనాటికి ఆ వారం ఇంకా రాలేదు మరి.

ఈ దగ్గుకు వైద్యం ఉంది, చవకైనదే. మూడు వారాలకు మించి నిలిచిన తెమడ దగ్గుకు రెండు వారాలు అమాక్సిసిలిన్ క్లావులనేట్ ఇస్తే 48 శాతం మందిలో దగ్గు పూర్తిగా పోయిందని, ఉత్తుత్తి మందు తాగినవారిలో 16 శాతం మందికే పోయిందని బ్రిస్బేన్‌లో జరిగిన పరీక్ష 2012లో చెప్పింది. 2021లో ఇంకో పరీక్షలో రెండు వారాలకు బదులు నాలుగు వారాలు ఇచ్చి చూశారు. దగ్గు పోవడంలో తేడా రాలేదు గానీ అది తిరగబెట్టడానికి పట్టిన కాలం బాగా పెరిగింది. వార్డులో న్యుమోనియాకు పొడిగించి ఇస్తే ఉపయోగపడని మందే, సరైన సమయంలో, సరైన బిడ్డకు ఇస్తే ఉపయోగపడింది. ఎప్పుడు, ఎవరికి అన్న ప్రశ్నలే ముఖ్యమయ్యాయి.

అజిత్రోమైసిన్‌కూ ఇలాగే రెండో అవకాశం దక్కింది. అప్పటికే బ్రాంకియెక్టాసిస్ ఉన్న, లేదా దానికి అంచున ఉన్న ఆస్ట్రేలియా ఆదివాసి, న్యూజిలాండ్ మావోరీ, పసిఫిక్ దీవుల పిల్లలు 89 మందిలో సగం మందికి వారానికి ఒక్క మోతాదు చొప్పున రెండేళ్ళ వరకు ఇచ్చారు. జబ్బు ముదిరి మళ్ళీ పడకేయడం సగానికి తగ్గింది. మూల్యమూ ఉంది. మందుకు లొంగని బ్యాక్టీరియాను ముక్కులో మోస్తున్న పిల్లలు అజిత్రోమైసిన్ జట్టులో 46 శాతం, ఉత్తుత్తి మందు జట్టులో 11 శాతం. ఒక ఊరిలో ఇలాంటి పిల్లలు పదిమంది ఉంటే ఆ క్రిములు వాళ్ళ ముక్కుల్లోనే ఆగవు, తమ్ముళ్ళకూ చెల్లెళ్ళకూ పాకుతాయి. అందుకే తరచూ తిరగబెడుతున్న పిల్లలకే దీన్ని అట్టిపెట్టాలన్న వాదన సబబుగా కనబడుతుంది.

ఇవన్నీ జరగాలంటే ముందు ఆ దగ్గును ఎవరో ఒకరు దగ్గుగా గుర్తించాలి. పశ్చిమ ఆస్ట్రేలియాలోని కింబర్లీ ప్రాంతంలో ఫిజియోథెరపిస్టు పమేలా లెయర్డ్ బృందం మారుమూల ఊళ్ళకు వెళ్ళి పరీక్షిస్తే, పదిమందిలో ఒకరికి పైగా ఆదివాసి పిల్లలు నాలుగు వారాలు దాటిన తెమడ దగ్గుతో ఉన్నారు. ఇంట్లో ఇద్దరు పిల్లలు దగ్గుతుంటే, పక్కింట్లో ముగ్గురు దగ్గుతుంటే, పిల్లలన్నాక దగ్గుతారులే అనుకోవడం తల్లిదండ్రుల నిర్లక్ష్యం కిందికి రాదు. విశేషం ఏమిటంటే క్లినిక్ సిబ్బందిలో కూడా అదే ధోరణి ఉంది. పుండు చూపించడానికి వచ్చిన బిడ్డ ఎదురుగా కూర్చుని దగ్గుతున్నా దగ్గు గురించి అడగరు. కుటుంబాలకు వాళ్ళ భాషలో, వాళ్ళ ఊరి మనుషులతో, బొమ్మలతో చెప్పిన చోట పిల్లలను చూపించడానికి తీసుకురావడం పెరిగింది. ఎప్పుడు కంగారుపడాలో చెప్పేవాళ్ళు లేకపోవడమే అసలు కొరత.

సిబ్బంది నిలకడ లేకపోవడం ఇంకో పెద్ద అడ్డంకి. 2013 నుంచి 2015 వరకు నార్తర్న్ టెరిటరీ మారుమూల క్లినిక్‌లను గమనించిన ఒక అధ్యయనం ప్రకారం నర్సుల మార్పిడి ఏడాదికి 148 శాతం. అంటే ఒక నర్సు ఒక క్లినిక్‌లో సగటున ఏడాదైనా ఉండరు. మార్చిలో ఆసుపత్రి నుంచి వచ్చిన ఉత్తరం చదివిన నర్సు ఏప్రిల్‌లో బిడ్డ వచ్చేసరికి అక్కడ ఉండకపోవచ్చు. ఆ ఊళ్ళలో ఏళ్ళ తరబడి ఉండేవాళ్ళు అక్కడే పుట్టిపెరిగిన ఆదివాసి ఆరోగ్య కార్యకర్తలు. వాళ్ళ సంఖ్య, వాళ్ళ చేతుల్లో ఉన్న అధికారం రెండూ తక్కువే.

వార్డు నుంచి ఊరికి తిరుగు ప్రయాణం కూడా చిన్న విషయమేమీ కాదు. డార్విన్‌కు నైరుతి దిశలో ఉన్న వాడేయి ఊరికి వానాకాలంలో రోడ్డు మునిగిపోతే నెలల తరబడి విమానమే దిక్కు. బిడ్డతో పాటు మామూలుగా ఒక్కరికే చోటు. తల్లి వస్తే మిగతా పిల్లలు అమ్మమ్మ దగ్గరో పెద్దమ్మ దగ్గరో ఉండాలి. వార్డులో డాక్టరు ఇంగ్లీషులో చెబుతారు. తల్లికి అది మూడో భాషో నాలుగో భాషో అయి ఉంటుంది. దుబాసీని పిలిపించే ఏర్పాటు ఉంది, పిలవడం మాత్రం ప్రతిసారీ జరగదు. ఊళ్ళో ఎవరో పోయారని కబురు వస్తే, బిడ్డ కాస్త తేరుకున్నట్టు కనబడితే, తల్లి డిశ్చార్జి కాకుండానే వెళ్ళిపోతుంది. వైద్య సలహాకు వ్యతిరేకంగా వెళ్ళారని రికార్డులో ఒక వాక్యం చేరుతుంది. ఆ సలహా ఆమెకు అర్థమయ్యే భాషలో అందిందా అన్న ప్రశ్నకు ఆ రికార్డులో గడి ఉండదు.

గడప తొక్కక ముందు

1980ల మధ్యలో దక్షిణ ఆస్ట్రేలియాలోని పిచంచాచర ప్రజల భూముల్లో శ్వాసకోశ వైద్యుడు పాల్ టొర్జిల్లో, వాస్తుశిల్పి పాల్ ఫొలరోస్, స్టీఫన్ రైనో అనే ముగ్గురు చేరి ఒక చిత్రమైన పని మొదలుపెట్టారు. జనాన్ని పరీక్షించడం మాని ఇళ్ళను పరీక్షించారు. కుళాయి తిప్పితే నీళ్ళు వస్తున్నాయా, స్నానపు నీళ్ళు బయటికి పోతున్నాయా, పసిపిల్లను కడగడానికి ఏదైనా తొట్టి ఉందా? 1987లో వచ్చిన వాళ్ళ నివేదిక తొమ్మిది పనులను వరస పెట్టింది. మొట్టమొదటిది పిల్లలను కడగగలగడం. తర్వాత ఏళ్ళ తరబడి వేల ఇళ్ళను పరీక్షించి బాగుచేసిన ఆ బృందం చెప్పే మాట ఒకటుంది. చెడిపోయిన కుళాయిలకు, మరుగుదొడ్లకు కారణం ప్రధానంగా మరమ్మతులు చేయకపోవడం, మొదటే నాసిగా కట్టడం. అక్కడ ఉండేవాళ్ళు పాడుచేసినవి పదో వంతు కూడా లేవు. ఆదివాసులకు ఇళ్ళు వాడుకోవడం తెలియదనే పాతకాలపు నిందకు లెక్కలతో ఇచ్చిన జవాబు అది.

ఇలాంటి ఆధారాలు ఉత్తర ధ్రువం వైపు నుంచి కూడా ఉన్నాయి. పశ్చిమ అలాస్కాలోని నాలుగు పల్లెలకు ఇంటింటికీ కుళాయి నీళ్ళు వచ్చాక శ్వాసకోశ జబ్బులతో క్లినిక్‌కు రావడం 16 శాతం తగ్గిందని 2016లో ఒక అధ్యయనం చూపింది. కెనడాలోని నునావుత్‌లో చలికి తలుపులన్నీ బిగించిన చిన్న ఇళ్ళలో ఎక్కువమంది ఉండడం వల్ల గాలి మారదు. అక్కడ వేడిని పోనివ్వకుండా గాలిని మార్చే యంత్రాలు బిగించి చూస్తే పిల్లల్లో పిల్లికూతలు తగ్గాయి. మంచుగడ్డల మీద ఉన్న ఇనూయిట్ బిడ్డకు, మధ్య ఆస్ట్రేలియా ఎర్రమట్టి ఎడారిలో ఉన్న అరేంట తెగ బిడ్డకు వాతావరణంలో పోలిక లేదు. ఒకే గదిలో ఎనిమిదిమంది పడుకోవడంలో పోలిక ఉంది.

టీకాల సంగతి క్లుప్తంగా. న్యుమోకాకల్ టీకాను ఆస్ట్రేలియా 2001లోనే ఆదివాసి పిల్లలకు, మిగతా పిల్లల కంటే ముందుగా, ఉచితంగా ఇవ్వడం మొదలుపెట్టింది. ఆర్‌ఎస్‌వి మీద పనిచేసే నిర్సెవిమాబ్ ఇంజెక్షన్‌ను పశ్చిమ ఆస్ట్రేలియా 2024లో శిశువులకు ఇవ్వడం ప్రారంభించింది. 2025 ఫిబ్రవరి నుంచి గర్భిణులకు ఆర్‌ఎస్‌వి టీకా దేశవ్యాప్తంగా ఉచితం. తొలి ఇన్ఫెక్షన్ ఎంత ఆలస్యమైతే ఊపిరితిత్తులు అంత ఎదిగి ఉంటాయి గనక, దీని లాభం చేరికల లెక్కల్లోనే కాకుండా పదేళ్ళ తర్వాత బ్రాంకియెక్టాసిస్ లెక్కల్లోనూ కనబడాలి.

ప్రాణహిత ఇవతల

తెలంగాణ సరిహద్దుకు ఆనుకుని, ప్రాణహిత అవతల మహారాష్ట్రలో ఉన్న గడ్చిరోలిలో అభయ్ బంగ్, రాణీ బంగ్ దంపతుల బృందం చేసిన పని 1990లో ప్రపంచం దృష్టికి వచ్చింది. ఊళ్ళోని ఆరోగ్య కార్యకర్తలకు, చదువురాని మంత్రసానులకు సైతం న్యుమోనియాను గుర్తుపట్టడం నేర్పి, చేతికి కోట్రైమోక్సజోల్ అనే యాంటీబయాటిక్ ఇచ్చారు. అంకెలు రానివాళ్ళు శ్వాస లెక్కపెట్టడానికి ఒక పూసల పలక తయారుచేశారు. ఇసుక గడియారం తిప్పి, బిడ్డ పొట్ట పదిసార్లు లేచినప్పుడల్లా ఒక పూస జరపాలి. నిమిషం పూర్తయ్యేలోపు చివరి పూస దాకా వస్తే నిమ్ము. అలా వైద్యం అందిన 612 న్యుమోనియా కేసుల్లో మరణాలు 0.8 శాతం. అలాంటి ఏర్పాటు లేని ఊళ్ళలో 13.5 శాతం.

డార్విన్‌లో, గడ్చిరోలిలో ఎదురైన ప్రశ్నలు వేరు. గడ్చిరోలిలో ఆనాడు పసివాళ్ళు మొదటి నిమ్ముకే చనిపోయేవారు. డార్విన్‌లో బతికి, పదో నిమ్ము దాకా వెళతారు. మన్యంలోనూ, ఉట్నూరు, భద్రాచలం ఏజెన్సీల్లోనూ ఇప్పుడు పరిస్థితి ఈ రెంటికీ మధ్య ఎక్కడో ఉంది. 2019లో కేంద్రం మొదలుపెట్టిన సాన్స్ కార్యక్రమం దృష్టి ప్రధానంగా అప్పటికప్పుడు ముంచుకొచ్చే న్యుమోనియా మీద, దాని మరణాల మీద. అది సరైన ప్రాధాన్యమే. రెండు వారాలు దాటిన దగ్గుకు క్షయ పరీక్ష చేయించాలన్న అలవాటు కూడా మన వ్యవస్థలో బలంగా నాటుకుంది. క్షయ లేదని తేలిన తర్వాత ఆ దగ్గు ఎవరిది? దానికి జవాబు ఉండాలి. పిల్లల్లో బ్రాంకియెక్టాసిస్‌ను తొలి దశలో పట్టుకుని గట్టిగా వైద్యం చేస్తే సాగిన గొట్టాలు తిరిగి మామూలు స్థితికి రాగలవని 2021లో యూరప్ శ్వాసకోశ వైద్యుల సంఘం మార్గదర్శకాలు కూడా చెప్పాయి గనక, ఆలస్యానికి మూల్యం ఎక్కువ.

ఆశా కార్యకర్తలు 2018 నుంచి బిడ్డకు 3, 6, 9, 12, 15 నెలల వయసులో ఇంటికి వెళ్ళి చూస్తున్నారు. ఆసుపత్రిలో నిమ్ముకు ఉండి వచ్చిన బిడ్డ ఇంటికి నాలుగు వారాలకు ఇంకోసారి వెళ్ళి, తెమడ దగ్గు పోయిందా అని అడగడం పెద్ద పని కాదు. అడిగిన తర్వాతి పనులే పెద్దవి. రెండు వారాల అమాక్సిసిలిన్ క్లావులనేట్ సిరప్ ఇవ్వాలంటే, కాచి చల్లార్చిన నీళ్ళు గీత వరకు పోసి కలిపాక ఆ సీసా ఫ్రిజ్‌లో ఉండాలి, అక్కడ కూడా వారమే నిలుస్తుంది. కొండ మీది ఇంట్లో ఫ్రిజ్ ఉండదు. డార్విన్ చుట్టుపక్కల ఊళ్ళలోనూ చాలా ఇళ్ళలో ఉండదు, ఉన్నా ముందే డబ్బు వేసుకునే కరెంటు కార్డు ఖాళీ అయితే పనిచేయదు. కాబట్టి సీసా ఏ అంగన్‌వాడీలోనో ఉపకేంద్రంలోనో ఉండాలి, రోజుకు రెండుసార్లు బిడ్డను అక్కడికి తేవాలి, ఎనిమిదో రోజు రెండో సీసా కలపడానికి ఒక మనిషి ఉండాలి. నీళ్ళలో కరిగే బిళ్ళలు సరఫరా చేస్తే ఫ్రిజ్ గొడవ తప్పుతుంది. మందుల కొనుగోలు జాబితాలో ఏ రూపంలో ఉన్న మందు ఉందో చూసుకోవడం దగ్గర ఈ పని మొదలుపెట్టవచ్చు.